విదేశంలో ఓ చిన్న ఊళ్లో ఉంటూ రిమోట్ ఉద్యోగం: అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్తారా?

నమస్తే అండి. నా కంపెనీ ఒక దేశంలో, నేను ఇంకో దేశంలో. ఎనిమిది నెలల క్రితం నగరం వదిలి ఒక చిన్న ఊరికి మారాను. ఈ ఊరంటే నాకు ప్రాణం, వదలాలని లేదు.

ఇక్కడికి ఫైబర్ లైన్ రాలేదు. మొబైల్ డేటా సాయంత్రం అయ్యేసరికి నెమ్మదిస్తుంది, నా మీటింగులూ అప్పుడే. శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించుకుందామంటే, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండే శాటిలైట్లతో మాట వెళ్లి రావడానికే అర సెకను పడుతుంది. దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే కొత్త రకం శాటిలైట్ల ఇంటర్నెట్ ఎవరైనా వాడుతున్నారా? గట్టి వానలో కాల్ నిలబడుతుందా?

పన్ను సంగతి ఇంకో టెన్షన్. చాలా దేశాల్లో ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే పన్ను విషయంలో అక్కడి నివాసిగానే చూస్తారు. నేను దాటేశాను. ఈ ఊళ్లో ఇలాంటి కేసులు చూసే ఆడిటర్ లేరు. దూరంగా ఉన్నవారితో ఫోన్లోనే పని పూర్తి చేయించుకున్నారా ఎవరైనా?

అసలు బాధ వేరే. అందరూ ఆప్యాయంగానే పలకరిస్తారు. కానీ ఊరంతా మేలుకుని ఉన్నప్పుడు నేను నిద్రపోతాను, సాయంత్రం పని మొదలుపెట్టి వాళ్లు పడుకున్నాక కూడా చేస్తూనే ఉంటాను. భాష కూడా అంతంత మాత్రమే. ఇన్ని నెలలైనా అతిథిలాగే మిగిలిపోయాను. రాత్రి షిఫ్టు చేస్తూనే ఊరివాళ్లలో కలిసిపోయినవారు ఉంటే, మొదటి అడుగు ఎలా వేశారో చెప్పండి.