అహోబిలం ఉగ్రస్తంభం: నాన్నగారితో ఒక్కరోజులో వెళ్లి రాగలమా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి):
డిసెంబరులో ఒక శనివారం నేను, తమ్ముడు, నాన్నగారు అహోబిలం వెళ్దామనుకుంటున్నాం. నాన్నకి జ్వాలా నరసింహస్వామి దర్శనం కావాలి, మాకు ఉగ్రస్తంభం అనే కొండ శిఖరం ఎక్కాలని ఉంది. ఆయనకి 61 ఏళ్లు. రోజూ నడుస్తారు గానీ ఎడమ మోకాలు అప్పుడప్పుడూ పట్టేస్తుంది. శుక్రవారం రాత్రి కారులో బయల్దేరి తెల్లారేసరికి చేరి, ఎక్కి దిగి, ఆ రాత్రికే తిరిగి వచ్చేయొచ్చా?

జవాబు (ఆళ్లగడ్డ నుంచి):
కొండ వరకైతే ఒక్కరోజులో అవుతుందండీ. కానీ రాత్రంతా బండి నడిపి పొద్దున్నే కొండెక్కడం, మళ్లీ అదే రాత్రి స్టీరింగు పట్టుకోవడం మాత్రం వద్దు. హైదరాబాద్ నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరి దిగువ అహోబిలంలో పడుకోండి. అక్కడి నుంచి ఎగువకు 8 కిలోమీటర్లే, రోడ్డుంది.

ఎగువ అహోబిలంలో ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టండి. జ్వాల దాకా సుమారు 4 కిలోమీటర్లు. భవనాశిని వాగు వెంట రాళ్లు, మెట్లు, మధ్యలో వాగు దాటాల్సిన చోట్లు. నాన్నగారి నడకతో రెండు, రెండున్నర గంటలు వేసుకోండి. ఉగ్రస్తంభం దారి ఆ తర్వాత వస్తుంది. అది నిలువు ఎక్కుడు, పైకి పోయేకొద్దీ కాలికింద రాళ్లు కదులుతాయి. పడుచువాళ్లకే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నాన్నగారిని అటు మాత్రం తీసుకెళ్లకండి.

అడిగినవారు:
మేమిద్దరం పైకి వెళ్లొచ్చేదాకా నాన్న జ్వాల దగ్గర కూర్చుంటే సరిపోతుందా?

జవాబు (ఆళ్లగడ్డ నుంచి):
నేనైతే ఒప్పుకోను. మీరు ఎక్కి దిగడానికి ఎంత లేదన్నా మూడున్నర గంటలు. అంతసేపు ఆయన రాతి మీద చలిగాలిలో కూర్చుంటే ఆ మోకాలు బిగుసుకుపోతుంది, అప్పుడు దిగడం ఇంకా కష్టం. ఫోన్ సిగ్నల్‌నీ నమ్ముకోలేం. మీ ఇద్దరిలో ఒకరు దర్శనం కాగానే ఆయనతో మెల్లగా దిగిపోండి. రెండోవారు ఊళ్లోంచి దారి తెలిసిన మనిషిని తోడు తీసుకుని పైకి వెళ్లండి. డబ్బు సంగతి కిందే మాట్లాడుకోండి. ఇద్దరికీ ఎక్కాలనే ఉంటే ఇంకొకరిని వెంట తెచ్చుకోవడమే దారి. డోలీ మోసేవాళ్లు కూడా ఉంటారు, ఎగువ గుడి దగ్గర అడగండి.

జవాబు (బెంగళూరు నుంచి):
మేం చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. నలుగురం కలిసి మూడే లీటర్ల నీళ్లు పట్టుకుని వెళ్లాం. వాగు ఉంది కదా అనే ధీమా! జ్వాల దాటాక నీటి చుక్క దొరకలేదు. పైకి చేరేసరికి రెండయింది, ఫొటోలంటూ ఇంకో అరగంట. దిగుతుంటే కాళ్లు వణికి మా బావమరిది రెండుసార్లు జారాడు. జ్వాలకి వచ్చేసరికే వెలుగు తగ్గింది, మిగతా దారంతా ఫోన్ లైటుతో నడిచాం. నల్లమలలో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయని తెలిసి కూడా అలా చేశాం. ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.

డిసెంబరులో ఆరులోపే సూర్యుడు అస్తమిస్తాడు, కొండల మధ్య ఇంకా ముందే చీకటి పడుతుంది. అందుకని పన్నెండున్నర అయ్యేసరికి శిఖరం ఇంకా పది నిమిషాలే ఉందన్నా సరే, వెనక్కి తిరగండి. ఎక్కేవారికి తలా మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పల్లీ చిక్కీలు, ఒక టార్చి.

అడిగినవారు:
నాన్న మోకాలికి ఏం జాగ్రత్త తీసుకోవాలి? చెప్పులా, బూట్లా?

జవాబు (తిరుపతి నుంచి, ఫిజియోథెరపిస్టుని):
మోకాలి మీద బరువు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ పడుతుంది. చిన్న చిన్న అడుగులు వేయమనండి. ఎత్తు మెట్టు వస్తే ముందు కర్ర కిందికి ఆనించి, నొప్పి ఉన్న కాలు ముందు దించి, తర్వాత మంచి కాలు దించాలి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి, మంచి కాలు ముందు. బ్యాగు మీరే మోయండి. గుడికే కదా అని చాలామంది హవాయి చెప్పులతో వస్తారు, తడి రాయి మీద అవి నిలవవు. పట్టున్న బూట్లు వేసి గుడి దగ్గర విప్పితే చాలు. వెళ్లే ముందు రెండు వారాలు ఇంట్లో మెట్లు ఎక్కి దిగడం చేయించండి. అందులోనే నొప్పి వస్తే డాక్టరుకి చూపించాకే ప్రయాణం.

అడిగినవారు:
తమ్ముడు నాన్నతో దిగుతాడట. వాడికి పెద్ద సరదా లేదని ఇప్పుడు బయటపడింది! నేను తోడు మనిషితో పైకి వెళ్తాను.

జవాబు (ఆళ్లగడ్డ నుంచి):
మంచిది. ఒక్క మాట, చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపించకూడదు, కోతులు లాగేస్తాయి. కర్రలు ఎగువ గుడి దగ్గర దొరుకుతాయి, మీరు కూడా ఒకటి తీసుకోండి. బయల్దేరే ముందు రోజు వాయుగుండం వార్త ఏమైనా ఉందేమో చూసుకోండి. పైన వాన పడితే వాగు ఉన్నట్టుండి పెరుగుతుంది. అలాగైతే గది రద్దు చేసుకుని జనవరిలో రండి.