అప్‌డేట్: మోడల్ యూఎన్‌యా, లాంప్ ఫెలోషిప్పా?

బీఏ పొలిటికల్ సైన్స్ ఐదో సెమిస్టర్‌లో మోడల్ యూఎన్ (విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా ఐక్యరాజ్యసమితి సమావేశాన్ని అనుకరించే పోటీ), లాంప్ ఫెలోషిప్ (ఎంపీకి శాసన సహాయకులుగా పనిచేసే అవకాశం) - ఈ రెండిట్లో దేనికి టైమ్ పెట్టాలని ఇంతకుముందు అడిగాను. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌తో మాట్లాడాక లెక్క తేలింది.

ముందు మార్కులు. యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగో ఏడాది ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. ఆ గీత దగ్గర ఊగిసలాడేవాళ్లు వారాంతపు మోడల్ యూఎన్ పోటీలు తగ్గించుకోవడమే మేలు.

చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే లాంప్‌లో వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీకి సహాయకులుగా పనిచేయాలి. డిగ్రీ చేతికి రావాలి, వయసు 25 దాటకూడదు. కాబట్టి ఇప్పుడు చేయగలిగేది సాధన.

ఎంపీలు మంత్రులను అడిగే లోక్‌సభ ప్రశ్న ఒకటి రాసి చూడమన్నారు అడ్వైజర్: 150 పదాల్లోపు, రాష్ట్రాలవారీ గణాంకాలు అడుగుతూ. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోది, అంటే రాష్ట్రాల పరిధిలోది; స్టేషన్లలో ఖాళీలెన్ని అని కేంద్రాన్ని అడిగితే ప్రశ్న నిలవకపోవచ్చు. పోలీసు ఆధునికీకరణకు కేంద్రం ఇచ్చిన నిధులెన్ని అని అడగొచ్చు. ‘ప్రభుత్వ వైఫల్యం వల్ల’ లాంటి వ్యాఖ్య దూర్చినా తిరస్కరిస్తారు.

మోడల్ యూఎన్ ఏడాదికి ఒకటి చాలట, అదీ తీర్మానం ముసాయిదా రాసే అవకాశముంటేనే.