ఫ్యాక్టర్ చూపించకుండా "ప్రైమ్ కాదు" అంటే ఒప్పుకోవాలా? (2^67 − 1 గొడవ)

లెక్కలపిచ్చి:
147573952589676412927, అంటే 2^67 − 1. ఫ్రెంచ్ సన్యాసి మెర్సెన్ 1644లో దీన్ని ప్రైమ్‌ల లిస్టులో వేసేశాడు, 1876లో గణితవేత్త లూకాస్ వచ్చి కాదన్నాడు, కానీ ఒక్క ఫ్యాక్టర్ కూడా చూపించలేదు. దేంతో భాగిస్తే పోతుందో చెప్పకుండా భాగించొచ్చు అనడం ఏం ప్రూఫ్? పైగా n అంటే ఈ నంబరే అనుకుని నేను 2^(n−1)ని nతో భాగిస్తే శేషం 1 వచ్చింది, ప్రైమ్ అయితే రావాల్సింది అదే, ప్రైమ్‌లాగే ఉందిగా.

మాడ్_మావయ్య:
దొంగ చేతికే తాళాలిచ్చావు తమ్ముడూ. n అంటేనే 2^67 − 1 కాబట్టి 2^67కి శేషం 1, n−1 ఏమో 67తో నిశ్శేషంగా పోతుంది, ఇంక 1ని ఎన్నిసార్లు గుణించినా ఒకటేగా. 2^11 − 1 = 2047 కూడా ఈ టెస్ట్ పాసవుద్ది, అది 23 × 89. 2 బదులు 3 పెట్టి చూడు, 1 రాదు.

లెక్కలపిచ్చి:
సరే అది నా తప్పే. అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

సున్నా_శేషం:
లూకాస్ పద్ధతిని తర్వాత లేమర్ అనే గణితవేత్త సులువు చేశాడు, అది చెప్తా. 4తో మొదలెట్టు, వర్గం చేసి 2 తీసెయ్, nతో భాగించి శేషం ఉంచుకో, ఇలా 65 సార్లు. n ప్రైమ్ అయితే చివర్లో 0 వచ్చి తీరాలి. 2^3 − 1 = 7కి ఒక్క అడుగే, 16 − 2 = 14, శేషం 0. మన నంబర్‌కి రాదు, అంటే ప్రైమ్ కాదు, ఇందులో అనుమానానికి చోటెక్కడ?

పెన్ను_పేపర్:
చోటుందండి. 21 అంకెల నంబర్లని చేత్తో వర్గాలు చేస్తూ పోతే మధ్యలో ఒక్క అంకె తప్పినా చివర్లో 0 రాదు. 0 వస్తే నమ్మొచ్చు, ఎందుకంటే పొరపాటున 0 రావడం దాదాపు జరగదు, కానీ 0 రాకపోతే అది నిజంగా కాంపోజిటా (ప్రైమ్ కానిదా) లేక మన తప్పా అన్నది ఆ జవాబు చూసి చెప్పలేం. అదే 1903లో గణితవేత్త కోల్ చూపించిన 193707721 × 761838257287 అయితే ఎవరైనా ఓ పావుగంట కూర్చుని గుణించి తేల్చుకోవచ్చు. లెక్కలపిచ్చి గారి బాధలో న్యాయం ఉంది.

మాడ్_మావయ్య:
ఆ తేడా నిజమే గానీ అది చెక్ చేసే సులువులో తేడా, ప్రూఫ్‌లో కాదు. ఇప్పుడు ఒకే నంబర్‌ని వేర్వేరు మెషీన్ల మీద రెండుసార్లు నడిపి చివరి శేషాలు కలిశాయా అని చూస్తారు, తప్పులు రెండుచోట్లా ఒకే శేషం ఇవ్వవుగా. 2^(2^20) + 1కి 315653 అంకెలు, కాంపోజిట్ అని తేలింది, ఒక్క ఫ్యాక్టర్ కూడా తెలీదు. లెక్కలపిచ్చీ, నీ రూల్ ప్రకారం దాన్నేమనాలి?

లెక్కలపిచ్చి:
ప్రైమ్ కాదనే అంటా, కానీ దాని గురించి నాకేదో తెలుసని మాత్రం అనను 😄

సున్నా_శేషం:
హహ. అన్నట్టు మన 2^67 − 1 ఫ్యాక్టర్లన్నీ 134k + 1 రూపంలోనే ఉండాలి, kని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1. చిన్న ఫ్యాక్టర్‌కి k = 1445580. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసుకో, ఫోన్‌లో కూడా చిటికెలో దొరుకుద్ది, కోల్‌కి మూడేళ్ల ఆదివారాలు పట్టిందంటారు పాపం.