నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెరిచిన టేబుళ్లు 4000 దగ్గరే నిలుస్తున్నాయి

ప్రశ్న (భీమవరం):
మా రైస్ మిల్లు లెక్కలు మైఎస్‌క్యూఎల్ 8.0 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. పాత ప్రోగ్రామర్ ఊరికీ పంటకీ వేరువేరుగా టేబుళ్లు పెట్టినందువల్ల, 38 ఊళ్లకు 15 ఏళ్ల సార్వా, దాళ్వాలు కలిపి 1140 పేరుకున్నాయి. ఇప్పుడు దాళ్వా ధాన్యం దిగుతోంది. ఉదయం పది దాటాక కాటా గుమస్తా లారీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే తెర ఎనిమిది, పది సెకన్లు కదలదు. స్లిప్పు వచ్చేలోగా లారీల వరుస కాలవ గట్టు దాకా పోతోంది. ఇప్పుడు తెరిచి ఉన్న టేబుళ్లెన్నో చెప్పే ఓపెన్_టేబుల్స్ విలువ ఎప్పుడు చూసినా 4000, అంటే తెరిచి ఉంచుకునే టేబుళ్లకు (కాష్‌కు) పెట్టిన టేబుల్_ఓపెన్_కాష్ పరిమితే. దానిని 20000 చేయమంటారా? పగలు సర్వర్ ఆపే వీలు లేదు.

జవాబు (కాకినాడ):
కాష్ నిండి ఉండడం దానంతట అదే లోపం కాదండి. తెరిచిన టేబుల్‌ను సర్వర్ వెంటనే మూయదు; మళ్లీ కావాలేమోనని ఉంచుకుని, చోటు చాలనప్పుడే వాడుకలో లేనివాటిని మూస్తుంది. పైగా ఒకే టేబుల్‌ను పది కనెక్షన్లు వాడుతుంటే పదిసార్లు తెరిచినట్టే లెక్క. మీరు చూడవలసింది ఓపెన్డ్_టేబుల్స్. అది సర్వర్ మొదలైనప్పటి నుంచి టేబుళ్లు ఎన్నిసార్లు తెరిచిందో చెప్పే, పెరుగుతూ వచ్చే మొత్తం కాబట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి ఆ తేడాను పది గంటలకూ రాత్రికీ పోల్చండి. కాష్ పరిమితి ఎన్నిసార్లు దాటిందో చెప్పే టేబుల్_ఓపెన్_కాష్_ఓవర్‌ఫ్లోస్ కూడా చూడండి.

జవాబు (అమలాపురం):
కాష్ ఖాళీ చేద్దామని పగటిపూట ఫ్లష్ టేబుల్స్ (తెరిచిన టేబుళ్లన్నింటినీ మూయించే ఆదేశం) మాత్రం ఇవ్వకండి. రొయ్యల మేత దుకాణం సర్వర్ మీద నేను ఇచ్చాను. అప్పటికే నడుస్తున్న పెద్ద రిపోర్టు కోసం ఫ్లష్ ఆగింది, తర్వాత వచ్చిన బిల్లులన్నీ దాని వెనుక ఆగాయి. ప్రాసెస్ జాబితా నిండా ‘వెయిటింగ్ ఫర్ టేబుల్ ఫ్లష్’ అన్న వరుసలే. ఆ రిపోర్టును కిల్ చేసి ఆపేసిన తర్వాతే కౌంటరు కదిలింది.

ప్రశ్న వేసినవారు:
కొలిచాను. పదింటికి నిమిషంలో 3,400 పైగా పెరిగింది, రాత్రి తొమ్మిదికి నాలుగే. పగలు పదింటి వేళకు ఆఫీసులో మూడు కంప్యూటర్ల మీద రైతుల పాత బాకీల రిపోర్టు తీస్తున్నారు; అది యూనియన్‌తో (టేబుళ్ల వరుసలను ఒకచోట కలిపే ఆదేశంతో) 1140 టేబుళ్లూ తెరుస్తుంది. ఓవర్‌ఫ్లోస్ కూడా పెరిగాయి.

జవాబు (కాకినాడ):
కారణం దొరికింది. ఆ 4000 ఒకే గది కాదు. కాష్‌ను ఎన్ని భాగాలు చేయాలో చెప్పే టేబుల్_ఓపెన్_కాష్_ఇన్‌స్టాన్సెస్ మామూలుగా 16 ఉంటుంది కాబట్టి ఒక్కో భాగానికి 250 వస్తాయి, ఒక్కో కనెక్షన్ ఒక్క భాగాన్నే వాడుతుంది. 1140 టేబుళ్లు అందులో పట్టవు. ఆ భాగాన్నే వాడుతున్న కాటా కనెక్షన్ టేబుళ్లు కూడా బయటికి పోతాయి. అవి పట్టాలంటే 18,240 కావాలి, అందుకు సర్వర్ తెరవగల ఫైళ్ల పరిమితి అయిన ఓపెన్_ఫైల్స్_లిమిట్ కూడా పెంచాలి, అది రీస్టార్ట్ లేకుండా మారదు. ఇప్పటికి ఆ రిపోర్టును రాత్రికి మార్చండి. దాళ్వా కొనుగోళ్లు ముగిశాక ఊరు, పంట, సంవత్సరం కాలమ్‌లుగా పెట్టి అన్నింటినీ ఒకే టేబుల్‌లోకి తీసుకురండి. ముందు బ్యాకప్ తీసి, వేరే యంత్రం మీద ఒకసారి చేసి చూడండి.