సిజేరియన్ తర్వాత నొప్పి: నర్సు దొరకని రాత్రి ఏం చేయాలి?

మా చెల్లికి నిన్న ఉదయం సిజేరియన్ అయింది. రాత్రి వార్డు మొత్తానికి ఒక్కరే నర్సు. ఆవిడ తప్పేం లేదు, పాపం పరుగులు పెడుతూనే ఉన్నారు. కానీ 6 గంటలకోసారి ఇవ్వాల్సిన పారాసిటమాల్ 3 గంటలు ఆలస్యంగా అందింది. అప్పటికే చెల్లి మంచం కమ్మీ పట్టుకుని, పళ్ళ బిగువున ఓర్చుకుంటూ, బిడ్డకు పాలివ్వడానికి కూడా పక్కకు తిరగలేకపోయింది. నొప్పి ముదిరాక వేస్తే మందు సరిగా పనిచేయడం లేదు. దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమన్నాను, దాంతో కాస్త నయం.

మాత్రలు మా దగ్గరే ఉంచితే, టైము రాసిపెట్టుకుని వేళకు మేమే వేస్తామని డాక్టరుగారిని అడగొచ్చా? ఎలా అడిగితే ఒప్పుకుంటారు? డైక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు కూడా రాశారు, పాలిచ్చే తల్లికి పర్వాలేదన్నారు. ఇలా రెండూ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ రాత్రి ఎలా గడుస్తుందోనని టెన్షన్‌గా ఉంది.