చర్చ: బడి కమిటీ ఛైర్మన్‌కు పిల్లలకు చెప్పే నీతి వర్తించదా?

లంకవాసి: మాది కోనసీమలో చిన్న ఊరు. మా బడి యాజమాన్య కమిటీ సమావేశం జరగనే లేదు. జరిగినట్టు తీర్మానాల పుస్తకంలో రాసి ఇంటింటికీ తిప్పారు. మా ఆవిడ సభ్యురాలు. పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. అదే నెలలో మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం తనే పెట్టిందని ప్రార్థనలో అందరి ముందూ నిలబెట్టారు. దాని తప్పుకు శిక్ష పడింది. ఛైర్మన్ తప్పుకు?

కొబ్బరితోట: రెండూ ఒకటెలా అవుతాయి? మీ అమ్మాయి పెట్టింది దొంగ సంతకం. మీ ఆవిడ పెట్టింది తన సంతకమే.

లంకవాసి: సంతకం నిజమే. సమావేశమే అబద్ధం.

కొబ్బరితోట: మళ్లీ అడుగుతున్నాను, సంతకం ఎవరిది?

గౌతమి గట్టు: మా బడిలోనూ ఇదే తంతు.

పంతులమ్మ: సంతకం దగ్గరే ఆగిపోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బడికి వచ్చే నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడవలసింది వాళ్లే. మధ్యాహ్న భోజనంలో చిన్న తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వరకు 150. కూర్చోకుండానే పుస్తకం నిండితే ఆ కొలత అడిగేదెవరు? లంకల గన్నవరంలో అర్ధరాత్రి వచ్చినవారికీ అన్నం వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఆ భోజనానికి పెట్టుకున్నాం.

కొబ్బరితోట: మాట్లాడటం తేలికండీ. నేను రెండేళ్లు కమిటీలో చేశాను. బడి మరుగుదొడ్డి తలుపు ఊడిపోతే నా డబ్బుతో వేయించాను. ఆ డబ్బు తిరిగి రాలేదు సరికదా, తిన్నాడన్నారు. జీతం లేని పనికి కోతల రోజుల్లో ఎవరొస్తారు? లంకవాసి గారూ, అంత బాధ ఉంటే ఆ రోజు గుమ్మంలోనే ఎందుకు అడగలేదు?

లంకవాసి: ఎందుకా? నేను చేస్తున్న ఎకరంన్నర కౌలు ఛైర్మన్ గారి అన్నగారిది. రెండో పంట దాళ్వాకు కౌలు ఇంకా మాట్లాడుకోలేదు. పుస్తకం తెచ్చినప్పుడు మా ఆవిడ నా ముఖం చూసింది. నేనే తలూపాను.

కొబ్బరితోట: ఈ మాట మొదటే చెప్పవలసింది. ఇది పొలం గొడవ.

పంతులమ్మ: పొలం పోతుందన్న భయంతో పెట్టించిన సంతకం అండీ అది. ఆ అమ్మాయిని నిలబెట్టినప్పుడు కమిటీ వాళ్లెవరైనా అక్కడ ఉన్నారా?

లంకవాసి: ఛైర్మన్ గారే ఉన్నారు. అబద్ధం ఆడకూడదని పిల్లలకు చెప్పారట. సోమవారం బడికి వెళ్లి, తన సంతకం పక్కన ‘ఆ రోజు సమావేశం జరగలేదు’ అని రాస్తానంటోంది మా ఆవిడ. నేనింకా సరేననలేదు.