"సర్వసృష్టికి ఆదిసంభూతుడు": ఇందులో 'కి' ఏం చెబుతోంది?

తిరుపతిలో మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు కొందరం కూర్చుని బైబిలు చదువుకుంటాం. మొన్న కొలొస్సయులకు పౌలు రాసిన పత్రిక 1:15 వచ్చింది, యేసుక్రీస్తు గురించి. "ఆయన అదృశ్యదేవుని స్వరూపియై సర్వసృష్టికి ఆదిసంభూతుడై యున్నాడు." డిగ్రీ చదివే కుర్రాడొకడు ఆపాడు. "అక్కా, ఆది అంటే మొదట, సంభూతుడు అంటే పుట్టినవాడు. అంటే దేవుడు అన్నిటికంటే ముందు కుమారుణ్ణి పుట్టించాడనేగా? పుట్టినవాడు నిత్యుడెలా అవుతాడు?"

ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. వారమంతా అదే ఆలోచన. నాకు తేలినంత రాస్తున్నాను, భాష తెలిసినవాళ్లు సరిదిద్దండి.

గ్రీకులో ఆ మాట 'ప్రొటోటొకోస్'. లూకా 2:7లో మరియమ్మ కాన్పు చెప్పేచోట అదే మాటని మనవాళ్లు 'తొలిచూలు' అన్నారు. రోమా 8:29లో 'జ్యేష్ఠుడు' అన్నారు. ఇక్కడికొచ్చేసరికి 'ఆదిసంభూతుడు'. మాట గంభీరంగా ఉంది, నాకిష్టం కూడా. కానీ అందులో పుట్టుక వినిపించినంతగా పెద్దకొడుకు హోదా వినిపించదు. కుర్రాడు తడబడింది అక్కడే.

మన వైపు ఇళ్లలో ఒక మాటుంది. రెండోవాడు అప్పులు తీర్చి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేస్తే "వాడేనమ్మా ఇంటికి పెద్దకొడుకు" అంటారు. కూతుర్ని కూడా అంటారు. అక్కడ పుట్టిన వరస ఎవరూ లెక్కపెట్టరు. బైబిల్లోనూ ఇదే వాడుక. దావీదు యెష్షయి ఎనిమిదిమంది కొడుకుల్లో కడసారివాడు. అయినా 89వ కీర్తనలో దేవుడు "అతని నా జ్యేష్ఠకుమారునిగా చేయుదును" అంటాడు. నిర్గమకాండం 4:22లో ఇశ్రాయేలు జ్యేష్ఠపుత్రుడు. ఆ పేరు మోసిన యాకోబు తన అన్న ఏశావు తర్వాత పుట్టినవాడే.

ఇక విభక్తి. చిన్నప్పుడు బళ్లో వల్లెవేశాం కదా: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి. గ్రీకులోనూ ఇక్కడున్నది షష్ఠే. అది 'సృష్టిలో' అనీ వెళ్లగలదు, 'సృష్టికి' అనీ వెళ్లగలదు. రోమా 8:29లో గ్రీకులోనే 'లో' అనే అర్థమిచ్చే మాట ఉంది, మన అనువాదకులూ "అనేక సహోదరులలో జ్యేష్ఠుడు" అని 'లో' పెట్టారు. ఇక్కడ ఆ మాట లేదు, 'కి' పెట్టారు. తెలిసే పెట్టారని నా నమ్మకం. 'సృష్టిలో' అని రాసుంటే కుమారుడు సృష్టి వరసలో మొదటివాడయ్యేవాడు.

ఇది చదివి కొందరు అడిగినవీ, నా జవాబులూ కింద ఉన్నాయి.

చంద్రగిరి నుంచి ఒక తమ్ముడు: అక్కా, ఇంటికి పెద్దకొడుకు ఆ ఇంట్లోవాడే కదా. 'కి' ఉన్నంత మాత్రాన సృష్టికి బయటివాడైపోతాడా?

నేను: మంచి మాట అడిగావు తమ్ముడూ. 'కి' ఒక్కటే ఆ బరువు మోయలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ 16వ వచనం "ఏలయనగా" అని మొదలవుతుంది. ఆదిసంభూతుడు అని ఎందుకన్నాడో పౌలే కారణం చెబుతున్నాడు: "సర్వమును ఆయనయందు సృజింపబడెను." సర్వమూ ఆయనయందే కలిగితే ఆయన ఆ సర్వంలో ఒకడు కాలేడు. 17లో "ఆయన అన్నిటికంటె ముందుగా ఉన్నవాడు." ముందుగా పుట్టినవాడు అనలేదు, ఉన్నవాడు అన్నాడు.

కాణిపాకం నుంచి ఒక తెలుగు మాస్టారు: మా ఊళ్లో స్వయంభువు అన్న మాట పసిపిల్లలకూ తెలుసు. అదే 'భూ' ధాతువు. దానికి ఉండడం, అవడం రెండూ అర్థాలే. కాబట్టి సంభూతుడు అనగానే చేయబడినవాడు అనుకోనక్కర్లేదు. గీతలో 'అజోఽపి' అంటూ పుట్టుక లేనివాడే 'సంభవామి' అంటాడు.

నేను: మాస్టారూ, ధాతువు సంగతి చాలా ఉపయోగపడింది, నమస్కారం. ఒక్క తేడా మాత్రం నాకు ముఖ్యం. గీతలో ఆ మాట లోకంలోకి రావడం గురించి. పౌలు ఇక్కడ లోకమే లేనప్పటి సంగతి చెబుతున్నాడు. శరీరధారి కావడం గురించి యోహాను 1:14 వేరే చెబుతుంది. రెంటినీ కలిపితే నాకు రెండూ మసకబారతాయి.

పలమనేరు నుంచి ఒక అన్న: పాడి ఉన్నోణ్ణి, నా లెక్కలో తొలిచూలు అంటే మలిచూలు కూడా ఉంటుందని. మరి ఇక్కడ?

నేను: అన్నా, మోషే ధర్మశాస్త్రంలో తొలిచూలు పుట్టగానే దేవునిది. రెండోది పుట్టేదాకా ఆగి పేరు పెట్టరు. పైగా యోహాను 1:18లో ఆయన "తండ్రి రొమ్మున నున్న అద్వితీయ కుమారుడు". రెండోవాడు లేనివాడు.

చిత్తూరు నుంచి ఒక అమ్మ: పుట్టినవాడు అన్నాక పుట్టకముందు ఒక కాలం ఉండాలి కదమ్మా?

నేను: అమ్మా, అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘపెద్ద సరిగ్గా ఇదే అన్నాడు: కుమారుడు లేని కాలం ఒకటుంది అని. దానిమీదే క్రీ.శ. 325లో నికయ అనే ఊళ్లో సంఘపెద్దల సభ జరిగింది. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడనీ, తండ్రి కన్నవాడేగాని చేసినవాడు కాడనీ అక్కడ ఒప్పుకున్నారు. వెలుగునుండి వెలుగు అన్నారు. దీపం వెలిగాక కాసేపటికి వెలుతురు రాదు కదా. హెబ్రీ 1:3లో కుమారుణ్ణి దేవుని "మహిమయొక్క తేజస్సు" అన్నది నాకు అలాగే అర్థమవుతుంది. మనుషుల్లో తండ్రి ముందు, కొడుకు తర్వాత. తండ్రి అన్న పేరే నిత్యమైనచోట కొడుకు లేని రోజు ఒక్కటీ ఉండదు.

'కన్నవాడేగాని చేసినవాడు కాడు' అన్న ఆ నికయ మాటని కుమారుడి వైపు నుంచి తెలుగులో చెప్పబోతే నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటే. 'చేయబడిన' పక్కన సరితూగేలా 'కనబడిన' అని రాయలేం, కంటికి కనిపించిన అనే అర్థం వస్తుంది. 'జనించిన' అంటే కన్నవాడు మాయమవుతాడు. రెండో కీర్తనలో "నేడు నిన్ను కనియున్నాను" అని ఎంత చక్కగా ఉంది! కాకపోతే కనడం తల్లి పని అని మావాళ్లు కొందరు వెనకాడతారు.

చిత్తూరు అమ్మ: ఎందుకమ్మా వెనకాడేది? కన్నతండ్రి అనమా మనం?

నేను: అనుకోనే లేదమ్మా! కన్నతండ్రి. వచ్చే ఆదివారం ఆ అబ్బాయికి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.